మూడు నెలల్లో బ్లూ బెల్టు ఇస్తానన్న మాస్టారికి 25 వేలు కట్టొచ్చా?

ప్రశ్న: అన్నయ్యా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 31, బరువు 88. ఆక్వా ఫీడ్ కంపెనీలో సేల్స్, రోజంతా బండి మీద చెరువుల చుట్టూ తిరగడమే పని. ఇంటర్ దాకా కబడ్డీ బాగా ఆడేవాణ్ణి. యూఎఫ్‌సీ, అదే గుద్దులూ పట్లూ అన్నీ ఉండే ఫైట్లు, చూసీ చూసీ కింద పడేసి పట్లతో లొంగదీసే బ్రెజిలియన్ జియుజిత్సు మీద మనసు పడింది కానీ మా చుట్టుపక్కల నాకు క్లాసు ఎక్కడా కనపడలేదు. యూట్యూబ్ చూసి ఇంట్లోనే పరుపులు పరిచి మా బావమరిదితో మొదలెట్టాను, రెండో వారంలోనే వాడి మోచెయ్యి పట్టేసింది, మా ఆవిడ పరుపులు ముట్టుకోనివ్వడం లేదు. ఈలోపు తెలిసినాయన ద్వారా ఒక కరాటే మాస్టారు దొరికారు, జియుజిత్సులో మూడు నెలల్లో బ్లూ బెల్టు దాకా తీసుకెళ్తాను, 25 వేలు ముందే కట్టాలి అంటున్నారు. కట్టనా? అసలు ఈ వయసులో మొదలెట్టొచ్చా? ఏమేం కొనాలి?

జవాబు:

తమ్ముడూ, బెల్టులూ మాస్టార్లూ తర్వాత మాట్లాడుకుందాం, ముందు మీ బావమరిది చెయ్యి సంగతి చూడు. మోచెయ్యి పూర్తిగా చాపగలుగుతున్నాడా, పూర్తిగా మడవగలుగుతున్నాడా, చిటికెన వేలు వైపు తిమ్మిరి గట్రా ఉందా, ఇవి అడుగు. తిమ్మిరి ఉన్నా, వారం దాటినా చెయ్యి సాఫీగా చాపలేకపోతున్నా, వాపు దిగకపోయినా ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, నూనె రాసి లాగేవాళ్ళ దగ్గరికీ నాటు కట్లు కట్టేవాళ్ళ దగ్గరికీ మాత్రం వద్దు, కీలు దగ్గర సాగిన లిగమెంటుని, అంటే ఎముకల్ని కట్టి ఉంచే పట్టీని, ఇంకోసారి లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ డాక్టరు ఫీజు కూడా నువ్వే కట్టు, మర్యాదగా ఉంటుంది.

అసలు ఏం జరిగుంటుందో నేను ఊహించగలను. ఆర్మ్‌బార్ పట్టావు, అవునా. వీడియోలో చూస్తే ఆర్మ్‌బార్ అంటే చెయ్యి లాగి వెనక్కి పడుకోవడమే అనిపిస్తుంది. కానీ అక్కడ నిజంగా జరిగేదేంటంటే నీ తొడలు వాడి భుజాన్ని బిగించి, వాడి మోచెయ్యి నీ పొత్తికడుపు కింద ఎముక మీదకొచ్చి, బొటనవేలు ఆకాశం వైపు తిరిగి ఉంటే, నువ్వు నడుం ఒక్క అంగుళం ఎత్తినా చాలు ఆ కీలు తిరగకూడని వైపు తిరిగిపోతుంది. పట్టు దాకా తీసుకురావడం ఎంత వేగంగా అయినా చెయ్యి, ఆ చివరి అంగుళం మాత్రం నెమ్మదిగా, అవతలి వాడు ఓడిపోయాను వదిలెయ్ అని చేత్తో తట్టడానికి టైమిచ్చి చెయ్యాలి, తట్టగానే వదిలెయ్యాలి. ఈ నెమ్మది అనేది వీడియోలో కనపడదు, ఎందుకంటే వీడియోలో పడుకున్నవాడు ఆల్రెడీ తట్టడానికి రెడీగా ఉంటాడు, మీ బావమరిదికేమో ఎప్పుడు తట్టాలో కూడా తెలీదు పాపం.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. హీల్ హుక్ అని మడమ పట్టుకుని మెలిపెట్టేది ఒకటి కనపడుతుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది, దాని జోలికి పోకు. అది మడమ మీద పట్టే కానీ దెబ్బ తగిలేది మోకాలికి, పైగా నొప్పి తెలిసేలోపే లిగమెంటు తెగే రకం. ఐబీజేజేఎఫ్ అని ఈ ఆటకి పెద్ద సంస్థ, వాళ్ళ పోటీల్లో హీల్ హుక్ బ్రౌన్, బ్లాక్ బెల్టు పెద్దవాళ్ళకే, అది కూడా జూడో వాళ్ళు వేసుకునే లాంటి మందపాటి కోటు లేని ఆటలో మాత్రమే ఒప్పుకుంటారు. వైట్ బెల్టుకి, అంటే కొత్తవాళ్ళకి, కాళ్ళ మీద ఉన్నది స్ట్రెయిట్ యాంకిల్ లాక్, అదే మెలిపెట్టకుండా చీలమండని బిగించేది, ఒక్కటే. ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళకే అన్ని షరతులు పెట్టారంటే హాల్లో పరుపుల మీద బావమరిది మీద ప్రయోగాలు చెయ్యొచ్చో లేదో నువ్వే ఆలోచించుకో.

పరుపుల విషయంలో మా మరదలిదే కరెక్టు. పరుపులోకి కాలి వేళ్ళు దిగబడతాయి, ఒళ్ళు తిరుగుతుంది కానీ పాదం తిరగదు, మోకాలు మెలిపడేది అక్కడే. రెండు పరుపుల మధ్య సందు ఉంటుంది చూడు, అందులో చీలమండ ఇరుక్కుంటుంది. చుట్టూ గచ్చు, గోడ, మంచం కోడు. గట్టిగా ఉండే ఫోమ్ మ్యాట్లు, ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునేవి, నాలుగు సెంటీమీటర్ల మందంవి దొరుకుతాయి కానీ ఇప్పుడే కొనకు, ఎందుకో చెప్తాను.

ఇప్పుడు నీ 25 వేలు. కట్టకు.

ఆయన మంచి కరాటే మాస్టారే అయ్యుండొచ్చు, దాని గురించి నేనేం అనట్లేదు, పిల్లలకి కరాటే నేర్పించుకోవచ్చు. కానీ జియుజిత్సులో బెల్టు అనేది సిలబస్ పూర్తి చేస్తే వచ్చే సర్టిఫికెట్ కాదు, కోర్సు ఫీజులో కలిపి ఇచ్చేదీ కాదు, ఒక బ్లాక్ బెల్టు నిన్ను రోజూ మ్యాట్ మీద చూసి, ఎదురు తిరిగే మనిషి మీద నీ పట్లు పనిచేస్తున్నాయా లేదా చూసి ఇస్తాడు. వైట్ తర్వాత బ్లూ, పర్పుల్, బ్రౌన్, బ్లాక్, పెద్దవాళ్ళకి ఇంతే, మధ్యలో ఒక్కో బెల్టుకి నాలుగు స్ట్రైపులు. వారానికి రెండు మూడు రోజులు వెళ్ళేవాడికి బ్లూ రావడానికి మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది, బ్లాక్ అంటే పదేళ్ళ మాట. ఐబీజేజేఎఫ్ లెక్కలో అయితే బ్లూ మీద కనీసం రెండేళ్ళు ఉంటే గానీ పర్పుల్ లేదు. బీజే పెన్ లాంటి వాడు మూడేళ్ళు, ఆ చుట్టుపక్కల్లోనే బ్లాక్ బెల్టు కట్టి 2000లో బ్లాక్ బెల్టుల ప్రపంచ పోటీ గెలిచాడు, బ్రెజిల్ వాడు కాకుండా గెలిచిన మొదటివాడు అతనే, అందుకే ఇప్పటికీ చెప్పుకుంటారు. మనం ఆ లిస్టులో లేం.

కాబట్టి ఆయన్ని మర్యాదగానే రెండు మాటలు అడుగు. అండీ, మీకు జియుజిత్సులో బెల్టు ఎవరిచ్చారండీ, వాళ్ళకి ఎవరిచ్చారండీ అని. ఈ ఆటలో ఉన్న ఎవడైనా ఈ ప్రశ్నకి సంబరంగా జవాబు చెప్తాడు, ఇంకా ఆపమన్నా ఆపడు, గురువు గురువు పేరు దాకా చెప్తాడు. చిరాకు పడితే నీకు జవాబు వచ్చేసినట్టే. రెండోది, ఒక క్లాసు కూర్చుని చూడనిస్తారా అని. చూసేటప్పుడు గాల్లో చేతులు ఆడించడం చూడకు, ఇద్దరు మనుషులు నిజంగా ఒకళ్ళనొకళ్ళు పడగొట్టుకోవాలని, కింద అణచాలని చూస్తున్నారా, అవతలి వాడు నిజంగా వదిలించుకోవాలని చూస్తున్నాడా, అది చూడు. అది లేకపోతే అది జియుజిత్సు కాదు, ఎన్ని వీడియోలు పెట్టినా. ఇంకోమాట, ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసి బ్లూ బెల్టు తెచ్చుకుని ఊరికొచ్చేసిన కుర్రాడు ఎవడైనా దొరికితే, వాడు షెడ్డులో నలుగుర్ని పోగేసి నేర్పినా సరే, ఆ బోర్డూ గీర్డూ లేని క్లాసుకి వెళ్ళు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇళ్ళకొచ్చేసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు మన వైపు బోలెడంత మంది ఉన్నారు, అడిగితే ఎవరో ఒకరు తగలొచ్చు.

తగలకపోతే? నా ఉద్దేశంలో నీకున్న దారి జూడో. ఇది సర్దుకుపోవడం అనుకోకు. ఈ బ్రెజిలియన్ జియుజిత్సు పుట్టిందే జూడోలోంచి. జిగొరో కానో 1882లో టోక్యోలో కొడోకాన్ పెట్టాడు, అక్కడ తయారైన మిత్సుయో మయెదా దేశాలు తిరుగుతూ కుస్తీలు పడుతూ 1914లో బ్రెజిల్ చేరాడు, బెలెం అనే ఊళ్ళో ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, తమ్ముళ్ళకి నేర్పాడు, వాళ్ళు కింద పడ్డాక జరిగే ఆట మీదే దశాబ్దాలు కూర్చున్నారు. నువ్వు చూసే యూఎఫ్‌సీ మొదటిది 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగితే, అందులో కార్లోస్ తమ్ముడు ఎలియో కొడుకు రాయిస్ గ్రేసీ, 80 కిలోలు ఉంటాడేమో, ఒక్క రాత్రిలో ముగ్గుర్ని తట్టించాడు. నువ్వు యూట్యూబ్‌లో చూసే, చెయ్యి మెలిపెట్టే కిమురా పట్టు ఉందే, అది 1951లో రియోలో ఆ ఎలియో గ్రేసీనే ఓడించిన జపాన్ జూడో ఆయన మసహికో కిమురా పేరే. అంచేత జూడో హాలుకి వెళ్తే దూరపు చుట్టం ఇంటికి వెళ్ళినట్టు కాదు, సొంత తాతగారి ఇంటికే.

జూడో మన స్కూల్ గేమ్స్‌లో ఉంది, అందుకని ఆడినవాళ్ళూ నేర్పినవాళ్ళూ జిల్లాలో ఉంటారు, మనకి తెలీకపోవడమే. జిల్లా హెడ్‌క్వార్టర్స్ ఇప్పుడు భీమవరమే కదా, అక్కడ జిల్లా స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసుకి వెళ్ళి జూడో ప్రాక్టీసు ఎక్కడ జరుగుతోందని అడుగు. హైస్కూలు వ్యాయామం మాస్టార్లని అడుగు, నీ కబడ్డీ రోజుల మాస్టారు ఉండే ఉంటారు, వాళ్ళకి తెలియనివాళ్ళు ఉండరు. నర్సాపురం, తణుకు, తాడేపల్లిగూడెం, కొంచెం ఓపికుంటే రాజమండ్రి, కాకినాడ, ఎక్కడ దొరికినా వారానికి రెండు సాయంత్రాలు వెళ్ళగలిగే దూరమే చూసుకో, దూరం ఎక్కువైతే వర్షాకాలం వచ్చేసరికి మానేస్తావు, రాసిపెట్టుకో. పిల్లల మధ్యలో 31 ఏళ్ళ మనిషిని తీసుకుంటారా అంటే అడిగే తీరులో ఉంటుంది. పోటీలకి కాదండీ, నేర్చుకుందామని వచ్చాను, మ్యాట్లు పరవడం తుడవడం నేను చూసుకుంటాను అని చెప్పు.

అక్కడ నీకు ముందు నేర్పేది పడటం. గెడ్డం ఛాతీకి ఆనించి, అరచెయ్యీ ముంజెయ్యీ కలిపి మ్యాట్ మీద చరిచి పడటం. బోరు కొడుతుంది, చెయ్యి. నీలాంటి 88 కిలోల మనిషి పడేటప్పుడు చెయ్యి వెనక్కి ఆనించాడంటే మణికట్టు అయిపోతుంది, ఇది రోడ్డు మీద బండి జారినా పనికొచ్చే విద్య. తర్వాత కాలరూ స్లీవూ పట్టుకోవడం, విసరడం, కింద అణిచి పట్టడం. జూడోలో వీపు నేలకి ఆనించి 20 సెకన్లు అణిస్తే ఆట అయిపోయింది, కింద ఏమీ జరగట్లేదనుకుంటే రిఫరీ లేపేస్తాడు, కాళ్ళు చేత్తో పట్టుకోనివ్వరు. జియుజిత్సులో ఆట అక్కడ మొదలవుతుంది, ఎంతసేపైనా కింద ఉండొచ్చు. అందుకని జూడో మాస్టారితో చెప్పి క్లాసు అయ్యాక ఒక పావుగంట కింద ఆట, వాళ్ళు నెవాజా అంటారు, ఆడుకోనిమ్మని అడుగు. ఆ పావుగంటకే యూట్యూబ్ పనికొస్తుంది. వారానికి ఒక్క వీడియో, ఒక్క పట్టు, అదీ తప్పించుకునేది, ఫినిష్ చేసేది కాదు. ఇరవై వీడియోలు చూసినవాడికి మ్యాట్ మీద ఒక్కటీ గుర్తురాదు.

నీ కబడ్డీ గురించి. మంచిదే, నడుం కింద బలం, యాంకిల్ హోల్డూ థై హోల్డూ పట్టిన చేతులు, మనిషి మీద పడితే బెదరకపోవడం, ఇవి చాలామందికి నెలలు పడతాయి. కానీ రెండు అలవాట్లు నిన్ను బాగా ఇబ్బంది పెడతాయి. రైడర్ పట్టుబడ్డాక ఏం చేస్తాడు, బోర్లా పడి గీత వైపు పాక్కుంటూ పోతాడు. జియుజిత్సులో బోర్లా పడ్డావంటే వీపు ఇచ్చేసినట్టే, వాడు వెనకెక్కి రెండు కాళ్ళూ లోపల వేసి నాలుగు పాయింట్లు తీసుకుని ఆ తర్వాత మెడ కూడా తీసుకుంటాడు. కబడ్డీ వాళ్ళందరూ మొదటి రోజుల్లో ఇక్కడే దొరికిపోతారు. రెండోది, రైడ్ 30 సెకన్లు, ఆ కాసేపట్లో ఉన్నదంతా పెట్టేస్తావు. ఇక్కడ వైట్ బెల్టు మ్యాచ్ ఐదు నిమిషాలు, క్లాసులో అలాంటి రౌండ్లు వరసగా. మొదటి నిమిషంలోనే శక్తంతా ఖర్చు పెట్టి మిగతా నాలుగు నిమిషాలు ఊపిరి కోసం వెతుక్కుంటావు. విచిత్రం ఏంటంటే కూత పెట్టినంతసేపూ ఊపిరి వదలడం వచ్చినవాళ్ళు కూడా పట్టు పడగానే ఊపిరి బిగబడతారు. పైన ఎవడన్నా ఉన్నప్పుడు ముక్కుతో లోపలికి, నోటితో బయటికి, వినపడేలా వదులు, సిగ్గేం లేదు.

మొదటి ఆర్నెల్లు నువ్వు ఉండేది కిందే. ఎక్కువసార్లు సైడ్ కంట్రోల్‌లో, అంటే అవతలి వాడు నీ ఛాతీ మీద అడ్డంగా పడుకుని, ఒక చెయ్యి నీ మెడ కిందకి పోనిచ్చి, భుజం నీ దవడకి ఆనించి మొహం అవతలికి తిప్పేస్తాడు. మొహం ఎటుంటే ఒళ్ళు అటే తిరుగుతుంది, అందుకే ఆ నొక్కుడు. వాడి గడ్డం నీ చెవి దగ్గర గీసుకుంటూ ఉంటుంది, వాడి చెమట నీ కంట్లో పడుతుంది, 60 కిలోల కుర్రాడు కూడా బియ్యం బస్తా అంత ఉంటాడు. అప్పుడు నీకొచ్చే మొదటి ఆలోచన రెండు చేతులూ చాపి వాణ్ణి తోసెయ్యడం. తోశావా, చాచిన చెయ్యి ఆర్మ్‌బార్‌కి అందించినట్టే. తొయ్యకు. ఒక ముంజెయ్యి వాడి మెడకి అడ్డంగా పెట్టు, రెండోది వాడి నడుం ఎముక దగ్గర, మోచేతులు నీ పక్కటెముకలకి దగ్గరగా. ఆ చేతులు వాణ్ణి కదపడానికి కాదు, వాడు మళ్ళీ దగ్గరికి రాకుండా ఆ సందుని నిలబెట్టడానికి. పాదాలు పిర్రల దాకా లాక్కుని నడుం ఒక్కసారి పైకెత్తు, వాడు బరువు సర్దుకుంటాడు, సర్దుకునే ఆ క్షణంలో వాడి వైపు పక్కకి తిరిగి రొయ్య తుళ్ళినట్టు నడుం వెనక్కి లాగెయ్యి. సందు దొరుకుతుంది, కింది మోకాలు అందులోకి దూర్చు. అంతే, గార్డులోకి వచ్చేశావు, అంటే నీ కాళ్ళు వాడికీ నీకూ మధ్యలో ఉన్నాయి. మొదటిసారి రాదు, పదోసారీ రాదు, కానీ ఇది ఒక్కటి వచ్చిననాడు ఈ ఆట నీది. ఈ నడుం లాగడం మాత్రం ఇంట్లో చాప మీద ఒక్కడివే చేసుకోవచ్చు, బావమరిది అక్కర్లేదు, మరదలు కూడా ఏమీ అనదు.

తట్టడం గురించి కూడా గట్టిగా చెప్తాను, మన గోదావరోళ్ళకి మొహమాటం ఎక్కువ, పరువు ఇంకా ఎక్కువ. నొప్పి వచ్చాక కాదు, ఇక తప్పించుకోలేను అని తెలిసినప్పుడే తట్టు. వాడి ఒంటి మీదే రెండు మూడుసార్లు తెలిసేలా, చేతులు ఇరుక్కుపోతే నోటితో ట్యాప్ అని కేక పెట్టు. మెడ పట్లలో సరిగ్గా పడితే మెదడుకి వెళ్ళే రక్తం రెండు పక్కలా ఆగుతుంది, కొద్ది సెకన్లలో స్పృహ పోతుంది, నొప్పి ఉండాలని ఏమీ లేదు, ఇంకా పర్లేదు ఇంకా పర్లేదు అనుకుంటుండగానే పోతుంది. పదిహేడేళ్ళ కుర్రాడికి తట్టాల్సి వస్తుంది. తట్టు, చెయ్యి కలుపు, ఎలా పట్టావు తమ్ముడూ అని అడుగు, వాడే చూపిస్తాడు. పెద్దాయన ఎవరైనా గట్టిగా నలిపేస్తుంటే ఆయ్ ఆయ్ అని తలూపుతూ ఊరుకోకు, కొంచెం నెమ్మదండీ, కొత్తండీ అని ముందే చెప్పు. చెప్పినా వినని మనిషితో ఆడకు, ఏ బెల్టు అయినా సరే, రేపు పొద్దున్న బండి తోలుకుని డ్యూటీకి వెళ్ళాల్సింది నువ్వు.

వయసుకి భయపడుతున్నావు కానీ 30 దాటినవాళ్ళకి పోటీల్లో మాస్టర్ 1 అని వేరే కేటగిరీయే ఉంది, అక్కడి నుంచి అయిదేసి ఏళ్ళకి ఒకటి చొప్పున పైకి వెళ్తాయి. టీవీలో దేశాలు తిరిగి తిండి చూపించిన ఆంథొనీ బూర్డెయిన్ యాభయ్యేళ్ళు బాగా దాటాక మొదలెట్టి 2016లో న్యూయార్క్ పోటీలో తన వయసు కేటగిరీలో బ్లూ బెల్టు గోల్డ్ కొట్టాడు. నీకు 31. వయసు కాదు గానీ బీపీ, షుగరు ఒకసారి చూపించుకో, మెడలో నడుంలో పాత నొప్పులుంటే మాస్టారికి చెప్పు, అంతే.

కొనడం విషయానికొస్తే ఇప్పుడు ఏమీ కొనకు. జేబులూ జిప్పులూ లేని ట్రాక్ ప్యాంటు, ఒంటికి పట్టి ఉండే టీషర్టు చాలు. జూడో హాల్లో పాత కోటు ఎవరైనా ఇస్తారు. రెండు నెలలు మానకుండా వెళ్ళగలిగితే అప్పుడు కొనుక్కో, జియుజిత్సు కోటు, జి అంటారు, మన తేమకి పల్చటిది చూసుకో, 350 నుంచి 400 జీఎస్ఎం లోపు, జీఎస్ఎం అంటే బట్ట బరువు లెక్క. బరువుది కొన్నావంటే శ్రావణంలో రెండు రోజులైనా ఆరదు. మౌత్‌గార్డు ఒకటి కొనుక్కో, పళ్ళ డాక్టరు బిల్లు కంటే చౌక. గోళ్ళు కత్తిరించుకుని వెళ్ళు, చేతివీ కాళ్ళవీ. ఉంగరం, మెళ్ళో చైను, చేతి దారాలు, మొలతాడు, దానికి తాయెత్తు ఉంటే అదీ తీసి వెళ్ళు, ఆ తాయెత్తు రేకు అవతలి వాడి మొహం చీరేస్తుంది. అయ్యప్ప మాల వేసుకుంటావేమో, ఆ 41 రోజులూ మ్యాట్ ఎక్కకు, మాల తియ్యలేవు, తియ్యకుండా ఆడకూడదు.

మన దగ్గర ఈ ఆటకి అసలు శత్రువు దెబ్బలు కాదు, తామర. గాలాడని హాలు, ఉక్కపోత, చెమట కోట్లు, నీకైతే పగలంతా చెరువు గట్ల మీద తడి కాళ్ళు కూడాను. ఆట అయిన వెంటనే స్నానం, ఇంటికెళ్ళాక చేద్దాంలే అనుకోకు. కోటు ప్రతిసారీ ఉతకాల్సిందే, బండి డిక్కీలో మర్నాటి దాకా ఉంచావంటే ఆ వాసన తర్వాత సర్ఫు మొత్తం పోసినా పోదు. మ్యాట్ మీద చెప్పులొద్దు, మ్యాట్ దిగి బాత్‌రూమ్‌కి వట్టి కాళ్ళతో వెళ్ళి మళ్ళీ ఎక్కడం అంతకంటే వద్దు. గుండ్రంగా ఎర్రటి దురద మచ్చ కనపడిందా, ఆ రోజు నుంచి ఆట బంద్, చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళు. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు, రెండ్రోజుల్లో దురద పోతుంది, భలే పనిచేసింది అనుకుంటావు, చాలావాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, పైకి తగ్గినట్టు కనపడి లోపల పాకుతుంది, ఆ తర్వాత నెలల తరబడి వదలదు. మచ్చతో మ్యాట్ ఎక్కి పదిమందికి అంటించిన మనిషిని మళ్ళీ ఎవరూ పిలవరు, న్యాయమే అది.

ఇక అసలు జియుజిత్సు రుచి చూడటానికి, జూడోలో రెండు మూడు నెలలు పడటం లేవడం వచ్చాక, ఆ 25 వేలలో కొంచెం తీసి హైదరాబాద్ వెళ్ళు. శుక్రవారం రాత్రి పాలకొల్లులో నర్సాపురం ట్రైను ఎక్కితే పొద్దున్నకి దిగుతావు, శనివారం ఆదివారం రెండు క్లాసులు చేసుకుని రాత్రి ట్రైనుకి వచ్చెయ్యొచ్చు. అకాడమీలు చాలావరకు బయట నుంచి వచ్చినవాళ్ళని ఒక క్లాసుకి డబ్బులు తీసుకుని రానిస్తాయి, డ్రాప్-ఇన్ అని అడుగు. వెళ్ళేముందు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కో, శనివారం ఫండమెంటల్స్ క్లాసు ఉందా లేక ఓపెన్ మ్యాటేనా, కోటు అద్దెకి ఇస్తారా, అక్కడ బ్లాక్ బెల్టు ఎవరు. ఓపెన్ మ్యాట్ అంటే నేర్పడం ఉండదు, ఆడుకోవడమే, నీకు మొదటిసారి ఫండమెంటల్సే కావాలి. క్లాసు అయ్యాక మావైపు ఎవరైనా ఆడేవాళ్ళు ఉన్నారా అని వాళ్ళని అడుగు, భీమవరం కుర్రాడో అమలాపురం అమ్మాయో ఎవరో ఒకరి నంబరు దొరకొచ్చు, సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కలుస్తారు. అలా ముగ్గురు నలుగురు పోగయ్యాక అప్పుడు కొను ఆ ఫోమ్ మ్యాట్లు, అందరూ తలా కాస్త వేసుకుని.

టికెట్ మాత్రం ముందే తీసుకో, పండగ ముందు వారాల్లో ఆ ట్రైన్లో వెయిటింగ్ లిస్టు కూడా దొరకదు.